నేలను, నీటిని కొలిచిన మేజర్ పవెల్

ప్రజల మేలు కోరు ప్రభుత్వము చట్టము చేయుటకు ముందు తన నేలను తాను తెలిసికొనవలెను. ఏ కొండలో ఏ ఖనిజము గలదో, ఏ నదిలో ఏ ఋతువునందు ఎంత నీరు పారునో, ఏ భూమి పైరునకు తగునో, ఏది పశువుల మేతకు మాత్రమే పనికివచ్చునో ఎరుగక చేసిన చట్టము గుడ్డెద్దు చేలో పడినట్లుండును. అందువలననే అనేక దేశములు భూమిని పరీక్షించు శాస్త్రశాఖలను ప్రభుత్వ పక్షమున నెలకొల్పుకొన్నవి. భారతదేశమునందు భూగర్భ సర్వే శాఖ 1851 లో ప్రారంభమయ్యెను. అమెరికా సంయుక్త రాష్ట్రములలో అట్టి శాఖ 1879 లో ఏర్పడెను. ఆ శాఖకు రెండవ అధ్యక్షుడై, శాస్త్రజ్ఞుడు కొలిచి చెప్పిన నిజమును శాసనకర్తలు చెవినిబెట్టవలెనని ఏండ్ల తరబడి వాదించి, ఆ వాదమువలననే పలుకుబడిని పోగొట్టుకొన్న పురుషుడు మేజర్ జాన్ వెస్లీ పవెల్. అతనికి కుడిచేయి లేదు. కళాశాల పట్టము లేదు. అయినను కరవు నేలను గూర్చి అతడు చెప్పిన మాట, అతడు మరణించి నూరేండ్లు దాటినను నిలిచియున్నది.

పవెల్ 1834 వ సంవత్సరము మార్చి 24 వ తేదీన న్యూయార్కు రాష్ట్రమునందలి మౌంట్ మోరిస్ గ్రామమున జన్మించెను. తండ్రి జోసెఫ్ ఇంగ్లండునుండి వలసవచ్చిన మెథడిస్టు మతబోధకుడు. తల్లి మేరీ. కుమారునకు తమ మతస్థాపకుని పేరే పెట్టిరి. కొంతకాలమునకు కుటుంబము ఒహాయో రాష్ట్రమునందలి జాక్సన్ పట్టణమునకు తరలెను. నల్లజాతివారిని బానిసలుగా ఉంచుట మహాపాపమని జోసెఫ్ బహిరంగముగా బోధించుచుండెడివాడు. ఊరిలో పలువురకు ఆ మాట గిట్టలేదు. తండ్రిపై కోపమును వారి పిల్లలు బడిలో కుమారునిపై చూపిరి. బాలునిపై రాళ్లు రువ్విరి. అంతట తల్లిదండ్రులు బడి మాన్పించి, జార్జి క్రూకమ్ అను పొరుగు పెద్దమనిషికి బాలుని అప్పగించిరి. క్రూకమ్ ఒక రైతు. స్వయంకృషిచే శాస్త్రములు నేర్చినవాడు. ఆయనకు పుస్తకములు, రాళ్లు, మొక్కలు, ప్రాచీన వస్తువులు గల ఒక చిన్న ప్రదర్శనశాల ఉండెను. ఆ పెద్దవానితో కొండలవెంట, వాగులవెంట తిరిగి బాలుడు పుస్తకములోని మాటను నేలపై సరిచూచుకొనుట నేర్చెను. ఈ అలవాటే అతని జీవితమునకు పునాది.

తరువాత కుటుంబము విస్కాన్సిన్‌కును, అటుపిమ్మట ఇల్లినాయికిని మారెను. తండ్రి మతబోధకై ఊళ్లు తిరుగుచుండుటచే పండ్రెండేండ్ల ప్రాయముననే సేద్యపు భారము జాన్‌పై పడెను. నేల బాగుచేయుట, దున్నుట, పండిన ధాన్యమును బండిపై సంతకు తోలుట అతని పనులు. దుక్కి యన నేమో, వాన యన నేమో అతడు కచేరీలో కూర్చుండి నేర్చినవాడు కాడు. పెరిగిన పిదప ఉపాధ్యాయుడై, జీతము కూడబెట్టుకొని మూడు కళాశాలలలో కొంత కొంత చదివెను గాని ఏ పట్టమును పొందలేదు. సెలవులలో పడవ వేసికొని మిసిసిపీ, ఒహాయో, ఇల్లినాయి నదులపై ప్రయాణము చేసి గుల్లలను, మొక్కలను, శిలాజములను సేకరించెను.

1861 లో అంతర్యుద్ధము ప్రారంభము కాగానే పవెల్ బానిసత్వ నిర్మూలనకై ఉత్తరపు సేనలో సామాన్య సైనికుడుగా చేరెను. ఆ యేడే తన బంధువగు ఎమ్మా డీన్‌ను వివాహమాడెను. 1862 ఏప్రిల్ 6 వ తేదీన షైలో యుద్ధరంగమున ఫిరంగుల దళమును నడుపుచు, కాల్పులకు ఆజ్ఞ ఇచ్చుటకై కుడిచేయి పైకెత్తగా తుపాకిగుండు మణికట్టున తాకెను. వైద్యులు మోచేతికి దిగువను చేయి తీసివేసిరి. గాయము మానీ మానకమునుపే అతడు మరల సేనకు పోయెను. విక్స్‌బర్గ్ ముట్టడిలో సైనికులు కందకములు త్రవ్వుచుండగా అందు బయటపడిన శిలాజములను ఏరి దాచుకొనెను. మేజరు బిరుదుతో యుద్ధము ముగించి 1865 లో ఇల్లినాయి రాష్ట్రమున భూగర్భశాస్త్ర ఆచార్యుడయ్యెను. తెగిన చేయి మాత్రము జీవితాంతము అతనిని బాధించుచునే యుండెను.

ఆ కాలమున అమెరికా పటములలో కొలరాడో నదీప్రాంతము పెద్ద ఖాళీగా ఉండెను. మైలు లోతు గల కనుమల నడుమ పారు ఆ నది మార్గమును ఆద్యంతము చూచి పటము వ్రాసినవారు లేరు. పవెల్ ఆ ఖాళీని పూరింప నిశ్చయించెను. 1869 మే 24 వ తేదీన వయోమింగ్ ప్రాంతమునందలి గ్రీన్ రివర్ రైలు స్టేషనువద్ద నాలుగు పడవలతో, తనతో కలిపి పదిమందితో, పది నెలలకు సరిపడు తిండితో బయలుదేరెను. రెండు వారములు దాటగానే ఒక పడవ రాళ్లకు కొట్టుకొని ముక్కలయ్యెను. అందున్న తిండియు, బట్టలును నీటిపాలయ్యెను. ఎత్తులను కొలుచు బారోమీటర్లును ఆ పడవలోనే ఉండెను. తిండి పోయినదానికంటె అవి పోయినందుకే పవెల్ ఎక్కువ కుమిలెను. మరునాడు అనుచరులు ప్రాణములకు తెగించి పగిలిన పడవను చేరి వాటిని తెచ్చి ఇచ్చిరి. ఒకనాడు అతడు కొండచరియ నెక్కుచు, అటు ఎక్కలేక ఇటు దిగలేక ఒంటిచేత రాతిని పట్టుకొని వ్రేలాడుచుండగా, పైనున్న బ్రాడ్లీ అను సహచరుడు త్రాడు లేక తాను తొడిగిన చల్లడమును విప్పి జారవిడిచి అతనిని పైకి లాగి కాపాడెను.

ఆగస్టు నెల నాటికి మిగిలినది చెడిన పిండి, ఎండిన ఆపిలు ముక్కలు, కాఫీ మాత్రమే. అప్పటికే ఒకడు విడిచిపోయియుండెను. ఆగస్టు 28 వ తేదీన ఒక భయంకరమైన నీటిజారు ఎదురుకాగా హౌలండ్ సోదరులును, డన్ అను వాడును ఇక పడవలో పోలేమని కొండనెక్కి నేలదారి పట్టిరి. వారు మరల ప్రాణములతో కానరాలేదు. తమవారే వారిని పొరపాటున చంపిరని షివ్విట్ల తెగ ఆదివాసులు మరుసటి సంవత్సరము తనతో చెప్పినట్లు పవెల్ వ్రాసెను. మిగిలిన ఆరుగురు రెండు దినములకే, ఆగస్టు 30 వ తేదీన, వర్జిన్ నది సంగమమున వెలువడిరి. అచట చేపలు పట్టుచున్నవారు వీరి పడవల ముక్కలు కొట్టుకొనివచ్చునేమో యని చూచుచుండిరి. వీరందరును మునిగిపోయిరని అంతకుముందే పత్రికలలో వదంతి వ్యాపించియుండెను.

ఈ యాత్రచే పవెల్ దేశప్రఖ్యాతుడయ్యెను. కాంగ్రెసు ధనసహాయము చేయగా 1871–72 లో రెండవ యాత్ర సాగించెను. బావమరది ఆల్మన్ టామ్సన్ పటముల పని చేసెను. నది కొండలను చీల్చుకొని వచ్చినదా, కొండలు మెల్లగా పైకి లేచుచుండగా నది తన దారి విడువక రంపమువలె కోయుచు వచ్చినదా యను ప్రశ్నకు అతడు రెండవదానినే ఉత్తరముగా చెప్పెను. అతని దోషమొకటి కూడ చెప్పవలెను. 1875 లో ప్రకటించిన గ్రంథమున రెండు యాత్రల సంగతులను కలిపి అన్నియు 1869 లోనే జరిగినట్లు వ్రాసి, రెండవ యాత్రలో కష్టపడినవారి పేర్లను విడిచిపెట్టెను. కొలతలలో అంత నికచ్చియైనవాడు మనుష్యుల విషయమున చేసిన ఈ లోపమును ఆ సహచరులు మరువలేదు.

అతని జీవితమున ముఖ్యమైన కార్యము నదిలో కాదు, నదికి ఇరువైపుల గల ఎండునేలలో జరిగెను. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టము ప్రకారము ఐదేండ్లు నివసించి సేద్యము చేసినవానికి ప్రభుత్వము 160 ఎకరములు ఉచితముగా ఇచ్చుచుండెను. వానలు కురియు తూర్పున 160 ఎకరములు ఒక కుటుంబమునకు నిండుబ్రతుకు. ఆ చట్టమునే పశ్చిమమునకును వర్తింపజేసిరి. నాగలి పోయినచోటికి వాన తానే వచ్చునని రైల్వే కంపెనీల వారును, భూముల వ్యాపారులును ప్రచారము చేయుచుండిరి. పేదరైతులు నమ్మి తరలిపోవుచుండిరి.

1878 లో పవెల్ ప్రభుత్వమునకు ఎండుప్రాంతపు భూములను గూర్చి ఒక నివేదికను సమర్పించెను. ఏటికి 20 అంగుళములకంటె తక్కువ వాన గలచోట నీటిపారుదల లేక పంటను నమ్ముకొనరాదనియు, సుమారుగా నూరవ రేఖాంశమునకు పడమట నున్న నేల యెక్కువభాగము అట్టిదనియు, అది అలాస్కాను మినహాయించిన దేశములో పదింట నాలుగు పాళ్లనియు అందు చూపెను. యూటా ప్రాంతమును కొలిచి చూడగా నీరు పెట్టి సాగుచేయదగినది నూటికి మూడు పాళ్లకంటె తక్కువయని తేలెను. నీరులేని 160 ఎకరములు రైతు కుటుంబమును ఆకలిపాలు చేయును. నీరుగలచోట అన్ని ఎకరములు అక్కరయే లేదు. కావున నీరుగల భూమి 80 ఎకరములును, మేతభూమి 2,560 ఎకరములును ఒక్కొక్క కుటుంబమునకు ఇయ్యవలెననెను. భూములను చదరపు గడులుగా గాక నేలవాలును, నీటిదారిని బట్టి విభజింపవలెననియు, రైతులు తొమ్మిదిమందియో అంతకెక్కువయో కూడి సంఘముగా ఏర్పడి నీటిని తామే పాలించుకొనవలెననియు సూచించెను. యూటాలోని మోర్మనులు కాలువలను ఉమ్మడిగా త్రవ్వుకొని పంచుకొనుట అతడు కన్నులార చూచియుండెను.

ఈ సూచనలకు మూలమైన భయము ఒకటి గలదు. ఎండునేలలో భూమికంటె నీరు విలువైనది. ఏటిమొదటిని ఒక ధనికుడు పట్టుకొన్నచో క్రిందనున్న లోయ యంతయు అతనికి దాసోహమగును. ఆ దుఃస్థితి రాకుండ నీటిహక్కు నేలను అంటిపెట్టుకొనియే ఉండవలెననియు, నేలనుండి నీటిని విడదీసి అమ్ముకొనుటకు వీలుండరాదనియు పవెల్ వాదించెను. నివేదికలో రెండు చట్టముల ముసాయిదాలు కూడ చేర్చెను. కాంగ్రెసు వాటిని చట్టములుగా చేయలేదు. పశ్చిమ ప్రాంతపు నాయకులు తమ దేశము ఎడారియని ఒకడు చెప్పుటను సహింపలేదు.

అయినను ఒక ఫలము కలిగెను. వేర్వేరుగా నడుచుచున్న సర్వేలను కలిపి 1879 మార్చి 3 వ తేదీన అమెరికా భూగర్భ సర్వే శాఖను స్థాపించిరి. క్లారెన్స్ కింగ్ ప్రథమాధ్యక్షుడు. 1881 లో ఆ పదవి పవెల్‌కు లభించెను. దేశమంతటికిని ఎత్తుపల్లములు చూపు పటములు లేక గనులు, దారులు, కాలువలు, అడవులు ఏవియు సరిగా పాలింపబడవని తలచి అతడు సమగ్ర పటనిర్మాణమునకు పూనుకొనెను. ప్రభుత్వ ధనముతో ఇట్టి శాస్త్రకార్యము చేయదగునా యని 1884 లో కాంగ్రెసు ఒక విచారణసంఘమును నియమించెను. వ్యక్తులు చేయగలిగిన పనిని ప్రభుత్వము చేయరాదని కొందరు పండితులే వాదించిరి. ఆస్తి ఒకనికి చెందినచో మరియొకనికి చెందదు గాని విద్య అట్టిది కాదనియు, అది పంచినకొలది పెరుగునదే గాని తరుగునది కాదనియు, కావున ప్రజలధనముతో సంపాదించిన జ్ఞానమును ప్రజలందరకు పంచుట ప్రభుత్వధర్మమనియు పవెల్ సమాధానమిచ్చి నెగ్గెను.

అంతలో ప్రకృతియే అతని పక్షమున సాక్ష్యము చెప్పెను. 1886–87 నాటి ఘోరమైన చలికాలమున మేతభూములలో పశువులు విశేషముగా చచ్చెను. వెనువెంట అనావృష్టి కలిగెను. నాగలివెంట వాన రాలేదు. రైతులు బండ్లెక్కి తిరుగుముఖము పట్టిరి. 1888 అక్టోబరు 2 వ తేదీన కాంగ్రెసు లక్ష డాలర్లిచ్చి నీటిపారుదల సర్వేకు అనుమతించెను. ఎచట జలాశయము కట్టవచ్చునో, ఏ కాలువ ఎందాక పోగలదో, ఏ నేలకు నీరెక్కునో నిర్ణయించుట ఆ సర్వే పని.

నదినీటిని కొలుచుట ఎట్లో తెలిసిన యువకులు అప్పటికి ఆ దేశమున అరుదు. న్యూమెక్సికోలోని రియోగ్రాండే నది ఒడ్డున ఎంబూడో అనుచోట 1888 చలికాలమున డేరాలు వేసి ఫ్రెడరిక్ న్యూవెల్ నాయకత్వమున శిక్షణ ప్రారంభించిరి. నదికి అడ్డముగా అక్కడక్కడ లోతు కొలిచి ప్రవాహపు నిలువుకోత వైశాల్యమును కనుగొనుట, నీటివేగమును కొలుచుట, రెంటిని హెచ్చించి క్షణమునకు ఎంత నీరు పారునో లెక్కకట్టుట ఆ విద్య. నీటిమట్టము ఎంతయున్నప్పుడు ప్రవాహమెంతయో ఇట్లు పలుమార్లు కొలిచి పట్టిక వ్రాసికొన్నచో, ఆ పిమ్మట గట్టున నాటిన కొలబద్దను దినదినము చూచినంతనే నీటిలెక్క తేలును. 1889 లో ఎంబూడోవద్ద నెలకొన్న ఆ కేంద్రమే ఆ శాఖకు మొదటిది. నేడు అట్టివి ఆ దేశమున వేలకొలది గలవు. వరద హెచ్చరికలకును, వంతెనలకును, నీటి పంపకములకును అవియే ఆధారము.

ఈ సందర్భముననే ఆ శాఖవాడగు హెర్బర్టు విల్సన్ భారతదేశమునకు వచ్చి ఇచటి నీటిపారుదల పద్ధతులను పరిశీలించి పెద్ద నివేదిక వ్రాయగా దానిని పవెల్ శాఖ తన వార్షిక సంపుటమున ప్రకటించెను. అప్పటికి ధవళేశ్వరమున గోదావరిపై ఆనకట్ట ఏర్పడి నాలుగు దశాబ్దములు కావచ్చుచుండెను. అమెరికా నేర్చుకొనదలచిన విద్య ఈ దేశమున అనుభవముననే యుండెను.

కాని నీటిపారుదల సర్వే చట్టమునందే పవెల్ పతనమునకు బీజముండెను. సర్వే తేలువరకు సాగుకు అనువగు భూములను ఎవరును ఆక్రమింపరాదని అందొక నియమము గలదు. వ్యాపారులు సర్వేవారి వెనువెంట తిరిగి, కాలువ పోవుచోటెల్ల ముందే పట్టాలు వేసికొందురన్న శంకతో దానిని చేర్చిరి. 1889 ఆగస్టులో భూముల శాఖ ఆ నియమమును అమలుచేయగా పశ్చిమమున కొత్త పట్టాల దారి మూతపడెను. తొందరపడవద్దు, కొలిచి చెప్పెదను, అంతవరకు ఆగుడని పవెల్ కోరెను. ఎన్నికలకు ఆగలేని నాయకులు, లాభమునకు ఆగలేని వ్యాపారులు, నిజముగనే భూమికై వేచియున్న పేదలు ముగ్గురును ఏకమై అతనిపై లేచిరి. మొదట ఆ సర్వేను కోరిన నెవాడా సెనేటరు విలియం స్టీవర్టే బద్ధవిరోధి యయ్యెను. 1890 ఆగస్టు 30 వ తేదీన కాంగ్రెసు ఆ నియమమును రద్దుచేసి సర్వేకు ధనము నిలిపివేసెను. గుర్తించిన జలాశయ స్థలములు మాత్రము ప్రజలకై ప్రత్యేకింపబడి నిలిచెను. రెండేండ్లకు శాఖ ధనమునే విశేషముగా తగ్గించిరి. పండ్లున్న ప్రాచీన పక్షులను గూర్చి ఒక శాస్త్రజ్ఞుడు వ్రాసిన గ్రంథమును చూపి, ప్రజల సొమ్ము ఇందుకా యని సభలో ఎగతాళి చేసిరి.

1893 అక్టోబరులో లాస్ ఏంజలిస్ నగరమున నీటిపారుదల మహాసభ జరిగెను. సభ్యులందరును పశ్చిమమంతయు పచ్చబడునని ఉత్సాహముతో ఉండిరి. పవెల్ ముందు వ్రాసికొని వచ్చిన ఉపన్యాసమును ప్రక్కనబెట్టి, ఉన్న నీరంతయు కూడగట్టినను అప్పటికే ప్రజల చేతికి పోయిన భూములకైనను చాలదనియు, ఇట్లే సాగినచో నీటికై కలహములును, వ్యాజ్యములును తరతరములకు వారసత్వమగుననియు చెప్పెను. సభ అతనిని కేకలతో ఆపజూచెను. అతడు మాట మార్చుకొనలేదు. మరుసటి సంవత్సరము, తెగిన చేతి బాధయు తోడుకాగా, అధ్యక్షపదవికి రాజీనామా ఇచ్చెను.

అతడు 1879 నుండి మరణమువరకు ఆదివాసుల భాషలను, ఆచారములను పరిశోధించు శాఖకును అధ్యక్షుడుగా నుండెను. మెక్సికోకు ఉత్తరమునగల ఆదివాసి భాషలను 58 కుటుంబములుగా విభజించి 1891 లో ప్రకటించెను. తెగలవారి గుడిసెలలో ఆయుధము లేక కూర్చుండి మాటలు వ్రాసికొన్నవాడే, వారు తమ పూర్వభూములను విడిచి కేటాయించిన చోటులలో సేద్యము నేర్వవలెనని ప్రభుత్వమునకు సలహా ఇచ్చినవాడును. భూమి ఎంత యిచ్చునో కొలిచిన ఆ మేధావికి, ఆ భూమిపై తొలిహక్కు ఎవరిదను ప్రశ్న అంత సూటిగా తట్టలేదు. ఇది ఆ కాలపు గ్రుడ్డితనము. అతడును దానికి అతీతుడు కాలేదు.

1902 జూన్ 17 వ తేదీన ప్రభుత్వమే జలాశయములు కట్టుటకు వీలుగా చట్టము వచ్చెను. దానిని అమలుచేయు శాఖకు ఎంబూడోలో నదిని కొలిచిన న్యూవెల్ నాయకుడయ్యెను. మూడునెలలకు, సెప్టెంబరు 23 వ తేదీన, పవెల్ మెయిన్ రాష్ట్రమున హేవెన్ గ్రామమున కన్నుమూసెను. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానమున అతని సమాధి గలదు.

కాలము అతని లెక్కను సరిచూచెను. 1930 ప్రాంతపు అనావృష్టిలో, దున్నరాని నేలను దున్నినందున మన్ను ధూళిమేఘములై లేచి మైదానముల రైతులను ఊళ్లు విడిపించెను. 1922 లో ఏడు రాష్ట్రములు కొలరాడో నీటిని పంచుకొనునపుడు వానలు మిక్కిలిగా కురిసిన ఏండ్ల లెక్కను నమ్మి, ఎగువకు 75 లక్షల ఎకరపు అడుగులును, దిగువకు అంతయు అని వ్రాసికొనిరి. నదిలో సగటున అంత నీరు లేదు. 1963 లో ఆ నదిపై గ్లెన్ కాన్యన్ ఆనకట్ట కట్టి, దాని వెనుక నిండిన జలాశయమునకు పవెల్ పేరు పెట్టిరి. 2021 ఆగస్టులో దిగువ కొలరాడోకు మొట్టమొదటిసారిగా నీటికొరత ప్రకటింపబడెను. 2023 లో పవెల్ జలాశయము నిండినది మొదలు ఎన్నడును లేనంత దిగువకు చేరెను. ఎవని మాటను సభ వినలేదో అతని పేరు గల సరస్సే, తెల్లబడిన తన గట్ల మీది చారలతో ఆ మాటను మరల చెప్పెను.

పవెల్ ఆనకట్టలకు విరోధి కాడు. సేద్యమునకు విరోధి కాడు. ఉన్నంత నీటికి తగిన ఆశ ఉండవలెననియు, ఆ ఉన్నదెంతో నిజాయితీగా కొలువవలెననియు, కొలిచిన లెక్క కొందరి పెట్టెలో గాక అందరి చేతిలో ఉండవలెననియు మాత్రమే అతడు కోరెను. రాళ్ల దెబ్బలు తిని బడి మానిన బాలునకు ఒక పల్లెటూరి రైతు తన పుస్తకముల గది తలుపు తెరచినందున ఇదంతయు ప్రారంభమయ్యెను. తెరచిన అట్టి తలుపునుండి ఏ బాలుడు ఎంతదూరము పోగలడో ముందుగా ఎవరెరుగుదురు?